పట్టీ నుంచి పొత్రం దాకా: 15 కిలోల ఫైటింగ్ రోబోకి ఆయుధం కుదిర్చిన కథ

విజయవాడ ఆటోనగర్‌లో మా షెడ్డుకి వస్తే, బల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా ఒక విరిగిన బేరింగ్ హౌసింగ్ (తిరిగే షాఫ్ట్ బేరింగును పట్టి ఉంచే దిమ్మ) పెట్టి ఉంటుంది. యూసీపీ 204 రకం. పోత ఇనుముది. నడిమికి రెండు ముక్కలైంది. విరిగిన చోట చూస్తే ఇనుము ఎక్కడా సాగినట్టుండదు, మట్టి కుండ పగిలినట్టు గరుగ్గా, బూడిదరంగులో ఉంటుంది. ఈ కథ మొదలైంది దానితోనే.

నాది చిన్న మెషిన్ షాపు. లేత్‌లు రెండు, మిల్లింగ్ ఒకటి. లారీల పనే ఎక్కువ. కానూరు వైపు ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలు ప్రాజెక్టులకని వస్తుంటారు. అలా వచ్చిన బ్యాచ్‌ల్లో ఐదుగురు మెకానికల్ థర్డ్ ఇయర్ కుర్రాళ్లు రోబో వార్‌కి బండి చేస్తున్నామన్నారు. 15 కిలోల కేటగిరీ. మన దేశంలో కాలేజీ ఫెస్టుల్లో 15 కిలోలు, 60 కిలోలు ఎక్కువగా కనిపించే బరువులు. అరీనాలో మూడు నిమిషాల ఫైటు. ఎదుటి బండిని కదలకుండా చేస్తే గెలుపు, లేకపోతే జడ్జీల పాయింట్లు.

"అన్నా, బ్లేడ్ రెడీగా ఉంది. షాఫ్ట్ తిప్పి బేరింగులు ఎక్కిస్తే చాలు" అన్నారు. చాలు అన్న ఆ మాటకి మాకు ఏడు వారాలు పట్టింది.

ముందు వాళ్లను కూర్చోబెట్టి ఒకటే అడిగాను. ఈ బ్లేడే ఎందుకు? యూట్యూబులో టూంబ్‌స్టోన్‌ని చూశామన్నారు. తప్పు పట్టలేం. బ్యాటిల్‌బాట్స్‌లో (అమెరికా టీవీ రోబో పోటీ) 2016 టైటిల్ కొట్టిన బండి అది. ముందు భాగంలో అడ్డంగా తిరిగే బరువైన ఉక్కు కడ్డీ, తగిలిన చోట చక్రాలు ఊడి అరీనా అవతల పడుతుంటాయి. ఎవరికైనా ఆశ పుడుతుంది. కానీ అది 250 పౌన్ల కేటగిరీ, మన లెక్కలో సుమారు 113 కిలోలు. ఆ కడ్డీని మోయడానికి అక్కడ కింద ఎంత ఇనుముందో వీడియోలో కనపడదు.

అందుకని మొదటి సాయంత్రమంతా పనిముట్లు ముట్టుకోలేదు. టీ తెప్పించి ఆయుధాల జాతులన్నీ ఒక్కొక్కటే మాట్లాడుకున్నాం.

ఈ ఆట 1994లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మార్క్ థోర్ప్ అనే ఆయన పెట్టిన రోబోట్ వార్స్‌తో ఊపందుకుంది. మొదట్లో రంపాలు, గునపాలు, గొడ్డళ్లు, ఎవరికి తోచింది వాళ్లు కట్టుకొచ్చారు. మరుసటి ఏడాది జేమీ హైనమన్ బ్లెండో అనే బండితో వచ్చాడు. బోర్లించిన గిన్నెలా ఉండే పైడొప్ప మొత్తం గిరగిర తిరుగుతుంది. ఎదుటివాళ్ల ముక్కలు గోడ దాటి జనం వైపు ఎగిరేసరికి నిర్వాహకులకే భయం వేసింది. తిరిగే బరువులో శక్తి దాచుకుని ఒక్క దెబ్బలో వదలడం ఎంత ప్రమాదమో, ఎంత లాభమో ఆ రోజే తేలిపోయింది. ఈ రోజుకీ ఈ ఆటలో పెద్ద కొట్లాట స్పిన్నర్లకీ (ఇలా గిరగిర తిరిగే ఆయుధాలకీ) మిగతావాటికీ మధ్యే.

మిగతావాటిని తీసి పారేయలేం. ఫ్లిప్పర్ అంటే గాలి ఒత్తిడితో ఎదుటి బండిని ఎత్తి విసిరేది. బ్రిటన్‌లో కేయాస్ 2 అనే బండి ఇలాగే ప్రత్యర్థులను అరీనా గోడ అవతలికి గిరాటేసి వరసగా రెండు సీజన్లు ఛాంపియన్ అయింది. కానీ ఫ్లిప్పర్‌కి గ్యాస్ బాటిల్, రెగ్యులేటర్, వేగంగా తెరుచుకునే వాల్వు కావాలి, ఒక్క జాయింటు లీకైనా ఫైటు పోయినట్టే. మా దగ్గర న్యుమాటిక్స్ అలవాటున్న చెయ్యి లేదు. దాన్ని అక్కడే వదిలేశాం.

లిఫ్టర్ నెమ్మదిగా ఎత్తుతుంది. మోటారు, గేర్లు చాలు. బ్యాటిల్‌బాట్స్ తొలి రోజుల్లో బయోహజార్డ్ చాలా టైటిళ్లు గెలిచింది దీనితోనే. అయితే లిఫ్టర్ గెలవాలంటే ఎదుటి బండి కిందికి దూరాలి, దూరాలంటే తోలేవాడు మొనగాడై ఉండాలి. మావాళ్లలో ఒక్కడికే రిమోట్ చేతిలో పడితే చెమట పట్టదు, వాడికీ పాతిక గంటల ప్రాక్టీసు లేదు.

సుత్తి చూడ్డానికి బాగుంటుంది, జనం కేకలేస్తారు. లెక్క వేస్తే మాత్రం ఉసూరుమంటాం. కిలోన్నర సుత్తి తల సెకనుకు 15 మీటర్ల వేగంతో దిగినా 170 జౌళ్ల (జౌల్ అంటే శక్తి కొలత) లోపే. అదీ పావు చుట్టులో కూడగట్టుకోవాలి. పైగా సుత్తి కిందికి దిగేటప్పుడు మన బండి ముక్కు పైకి లేస్తుంది. క్రషర్ అంటే హైడ్రాలిక్ పంజాతో నలిపేది. బ్రిటన్‌లో రేజర్ దీనికి పేరు మోసింది. పట్టు చిక్కితే వదలదు, చిక్కడమే కష్టం. 15 కిలోల్లో హైడ్రాలిక్ పంపు, సిలిండర్ ఇరికించడం అంటే పెళ్లి భోజనం టిఫిన్ క్యారేజీలో సర్దినట్టే.

ఇక స్పిన్నర్లలో అడ్డంగా తిరిగేవి ఒక జాతి, నిలువుగా తిరిగేవి ఇంకో జాతి. అడ్డం జాతిలో కడ్డీ, డిస్కు, బ్లెండో లాంటి పైడొప్ప ఉన్నాయి. నిలువు జాతిలో డిస్కు, డ్రమ్ము, గుడ్లు గిలకొట్టే చట్రం లాంటి ఎగ్ బీటర్ ఉన్నాయి. నిలువువి ఎదుటివాడిని కింది నుంచి పైకి కొడతాయి. అంటే దెబ్బ తిరుగు తోపు మన బండిని నేలకేసి నొక్కుతుంది, నేల మనకి సాయం పడుతుంది. అడ్డంగా కొడితే ఆ తోపు మనల్ని పక్కకి నెడుతుంది. అక్కడ ఆపేవాడు లేడు, గోడ తప్ప.

ఈ తేడా చెప్పినప్పుడు పిల్లలు తలూపారు. నమ్మలేదు. వాళ్ల బ్లేడు వాళ్లకి ముద్దు. బైట్ ఫోర్స్ టీమ్ 2015లో పట్టుకుని ఎత్తే ఆయుధంతో, ఫైనల్లో టూంబ్‌స్టోన్‌నే ఓడించి గెలిచింది. అలా గెలిచినవాళ్లు కూడా ఆ తర్వాత నిలువు స్పిన్నర్‌కి మారి 2018లో, 2019లో మళ్లీ గెలిచారు. గెలిచిన ఆయుధాన్ని పక్కన పెట్టి మారారంటే ఏదో ఉందిగా అన్నాను. "మన ప్రత్యర్థులు వాళ్లు కాదు కదన్నా" అన్నాడొకడు. అదీ నిజమే. సరే, మీ పద్ధతిలోనే ఒకసారి చూద్దాం అని ఒప్పుకున్నాను. చెడిపోతే గానీ కుదురుకోని పనులు కొన్ని ఉంటాయి.

వాళ్ల బ్లేడు లారీ కమాన్ పట్టీ, అంటే కుదుపు ఆపే స్ప్రింగు కట్టలో ఒక పట్టీ. పాత కమాన్ కట్టలోంచి తీసింది. 400 మి.మీ. పొడవు, 50 వెడల్పు, 10 మందం. కిలోన్నర పైన బరువు. ఉక్కు మంచిదే, కమాన్లకి వాడేది స్ప్రింగ్ స్టీలు, దెబ్బకి ఓర్చుకుంటుంది. అయితే నడుమ షాఫ్ట్ కంతను గ్యాస్ కటింగ్‌తో వేయించారు. అక్కడే నాకు గుబులు పట్టింది. గ్యాస్ మంట తగిలిన చోట ఉక్కు టెంపర్ పోతుంది. కంత అంచున ఎర్రగా కాలి గబుక్కున చల్లారిన పొర గాజులా పెళుసుబారుతుంది, దాని వెనకాల పొర మెత్తబడుతుంది. బ్లేడుకి అన్నిటికన్నా ఎక్కువ లాగుడు పడేది ఆ కంత దగ్గరే.

మోటారు, పుల్లీల లెక్క ప్రకారం బ్లేడు 4,500 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర తిరగాలి. ఆ వేగంలో దానిలో దాగే శక్తి 2,360 జౌళ్లు. పిల్లలకి జౌళ్లంటే పరీక్షలో అంకెలు. అందుకని మార్చి చెప్పాను. వాళ్ల 15 కిలోల బండిని ఐదంతస్తుల మేడ మీదకి, అంటే 16 మీటర్లు ఎత్తడానికి సరిపోయే శక్తి అది. అంతా ఒక్క దెబ్బలో బయటికి రావాలి. బ్లేడు కొన వేగం సెకనుకు 94 మీటర్లు. గంటకి 340 కిలోమీటర్ల దరిదాపు.

ఇంత శక్తిని వాళ్లు 20 మి.మీ. ఈఎన్8 (మామూలు కార్బన్ ఉక్కు) షాఫ్ట్ పైకొసన పెట్టారు. షాఫ్ట్ కింద రెండు యూసీపీ 204 హౌసింగులు, పైన గాల్లో బ్లేడు. పై బేరింగ్ నుంచి బ్లేడు దాకా 60 మి.మీ. ఖాళీ. ఒక వైపే ఆధారం. లెక్క కడితే ఆ షాఫ్ట్ వంగడానికి బ్లేడు దగ్గర అర టన్ను తోపు చాలు. 2,360 జౌళ్లలో పదో వంతు శక్తి 5 మి.మీ. దూరంలో ఖర్చయితే కొన దగ్గర సగటు తోపు నాలుగున్నర టన్నులు దాటుతుంది. అదంతా నేరుగా షాఫ్ట్ మీదకి రాదనుకున్నా, ఎంత వస్తుందన్నది వాదన, వంగుతుందా అన్నది కాదు.

టెస్టింగుకి పెట్టె కట్టించాను. లారీ బాడీకి వాడే 5 మి.మీ. రేకు మూడు వైపులా, చూడ్డానికి ముందు వైపు 8 మి.మీ. పాలీకార్బొనేట్. అక్రిలిక్ చవగ్గా దొరుకుతుందని ఒకడన్నాడు. అక్రిలిక్ పగిలి చాకుల్లా ఎగురుతుంది, పాలీకార్బొనేట్ సొట్టపడుతుంది, ఇందులో బేరం లేదన్నాను. పైకప్పు మాత్రం మర్నాడు వేద్దామనుకున్నాం. ఆ మర్నాడు అన్న మాట నాది. ఈ కథలో నా తప్పు అదే.

ఒక చదరపు ఇనుప గొట్టాన్ని పెట్టెలో నిలబెట్టి, బండిని దాని మీదకి తోలారు. ఒక్క దెబ్బ. గొట్టం వంగింది. హౌసింగు రెండైంది. బ్లేడు షాఫ్ట్‌తో సహా పక్కకి వాలి నేలని గీరుకుంటూ పోయింది. బండి మొత్తం బొంగరంలా రెండు చుట్లు తిరిగి గోడని గుద్దుకుంది. హౌసింగ్ బోల్టు తల ఒకటి పైకి లేచి మా రేకుల షెడ్డు కప్పులోంచి దూసుకుపోయింది. రూపాయి బిళ్లంత కంత. దానిలోంచి ఎండ పడుతుంటే అందరం ఐదు నిమిషాలు మాట్లాడకుండా నిలబడ్డాం. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ కంతని నేను ఇప్పటికీ పూడ్చలేదు. వర్షం పడితే కింద బకెట్ పెడతాం.

మా టర్నర్ బాబాయ్ వచ్చి బ్లేడుని అటూ ఇటూ తిప్పి చూశాడు. బ్లేడు అంచుకి గీత కూడా పడలేదు. కంత దగ్గర మాత్రం వెంట్రుకంత పగులు. "కత్తి బాగానే ఉందిరా అబ్బాయిలూ, పిడే లేదు" అన్నాడు. నేను మూడు రోజులుగా లెక్కల్లో చెప్తున్నది ఆయన మూడు ముక్కల్లో చెప్పాడు.

ఆ తర్వాత పనులు తలకిందులు చేశాం. ఏది ఎదుటివాడిని ఎక్కువ కొడుతుంది అని కాకుండా, కొట్టిన దెబ్బకి తిరిగొచ్చే తోపు మన బండిలో ఎక్కడికి పోతుంది, అక్కడ ఏముంది అని అడుగుతూ ఆయుధం వెతికాం. అలా చూస్తే 15 కిలోల్లో మా చేతికి అందేది డ్రమ్ము. పొట్టిగా ఉంటుంది, రెండు వైపులా ఆధారం ఉంటుంది, బరువంతా రెండు సైడ్ ప్లేట్ల మధ్య బిగిసి ఉంటుంది. తిరుగు తోపు నేలలోకి పోతుంది. బ్రెజిల్ నుంచి వచ్చి 2018 బ్యాటిల్‌బాట్స్ ఫైనల్ దాకా వెళ్లిన మినటార్ డ్రమ్ము బండే. పిల్లలు దానికి పొత్రం అని పేరు పెట్టారు. రోల్లో తిరిగే పొత్రం. పేరు కుదిరింది.

పొత్రం కొలతలు చెప్తాను. బయటి వ్యాసం 100 మి.మీ., గోడ మందం 10, పొడవు 150. రెండు వైపులా 10 మి.మీ. మూత ప్లేట్లు. పళ్లతో కలిపి 4.3 కిలోలు. 6,000 ఆర్‌పీఎం దగ్గర సుమారు 1,580 జౌళ్లు. కమాన్ పట్టీలో ఉన్నదానిలో మూడింట రెండు వంతులు. తగ్గిందని పిల్లలు మొహం మాడ్చుకున్నారు. తగ్గినా ఫర్వాలేదు, ఈ 1,580 మన దగ్గర మిగులుతుంది కదా అన్నాను.

షాఫ్ట్ తిరగదు. అది రెండు సైడ్ ప్లేట్లకి గట్టిగా బిగిసి ఉంటుంది. పొత్రమే దాని చుట్టూ తిరుగుతుంది. మూత ప్లేట్లలో 6204 బేరింగులు కూర్చున్నాయి. లోపలి వ్యాసం 20, బయటిది 47. పోత ఇనుము హౌసింగులు ఎక్కడా లేవు. తిరగని షాఫ్ట్‌తో ఇంకో లాభం, అది రెండు సైడ్ ప్లేట్లనూ కట్టేసే అడ్డకమ్మీ అయిపోతుంది. షాఫ్ట్‌కి ఈసారి ఈఎన్24 (ఇంకా బలమైన అల్లాయ్ ఉక్కు) వాడాం. 25 మి.మీ. పెడదామా అని చాలాసేపు తర్జనభర్జన పడ్డాం. 20ని 25 చేస్తే బరువు ఒకటిన్నర రెట్లు పెరుగుతుంది, వంపుకి తట్టుకునే బలం దాదాపు రెండు రెట్లవుతుంది. మంచి బేరమే. కానీ బేరింగు పెద్దదవుతుంది, మూత ప్లేటులో ఇనుము పల్చబడుతుంది. రెండు పక్కలా ఆధారం ఉంది కాబట్టి 20 దగ్గరే ఆగాం.

పళ్ల దగ్గర రెండోసారి దెబ్బ తిన్నాం. ఎవరో చెప్పారని ఈఎన్31తో రెండు పళ్లు చేయించి బాగా గట్టిగా హీట్ ట్రీట్‌మెంట్ పెట్టించారు. ఈఎన్31 బేరింగులు చేసే ఉక్కు. గట్టితనం కొలిచే రాక్‌వెల్ సి స్కేలు మీద 60 దాకా ఎక్కుతుంది. అరుగుదలకి బాగా ఓర్చుకుంటుంది, దెబ్బకి మాత్రం పనికిరాదు. మైల్డ్ స్టీల్ ప్లేటుకి తగిలిన రెండో దెబ్బకే పన్ను మూల చిట్లి పోయింది. తర్వాత ఈఎన్24తో చేసి 45 దగ్గర ఆపించాం. ఇవి ఫైటు తర్వాత కొంచెం మొద్దుబారతాయి, గ్రైండర్‌తో సరిచేసుకోవచ్చు. చిట్లవు. కొట్టే ఆయుధానికి చాకు అంచు అక్కర్లేదు, పట్టుకునే మూల ఉంటే చాలు.

పళ్లను బిగించే తీరు కూడా చెప్పాలి, చాలామంది ఇక్కడే పోతారు. పన్నుని పొత్రం మీద పెట్టి బోల్టు కొడితే దెబ్బంతా బోల్టు మీదే పడి తెగుతుంది. మేం పొత్రం గోడలో 5 మి.మీ. లోతు గాడి మిల్లింగ్ చేసి పన్నుని అందులో కూర్చోబెట్టాం. దెబ్బని గాడి గోడ తీసుకుంటుంది. ఎం10 అలెన్ బోల్టులు, 12.9 అనే గట్టి గ్రేడువి, పన్ను బయటికి ఎగిరిపోకుండా పట్టుకోవడానికే. పన్ను 10 మి.మీ. బయటికి ఉంటుంది.

మొదటిసారి తిప్పినప్పుడు 3,000 దాటగానే బల్ల మీద స్పానర్లు డాన్సు చేశాయి. పిల్లలు పళ్లను ఒకటి ఎడమ వైపు, ఇంకోటి కుడి వైపు, ఎదురెదురుగా పెట్టారు. చూపుకి సమానంగానే ఉంది. రెండు యాంగిల్ ముక్కలు సమాంతరంగా పెట్టి, రసమట్టం చూసి, పొత్రాన్ని వాటి మీద దొర్లిస్తే ఎక్కడ వదిలినా అక్కడే నిలిచింది. కదలకుండా ఉన్నప్పుడు బ్యాలెన్సు సరిగ్గానే ఉంది మరి. కానీ బరువులు వేర్వేరు కొసల్లో ఉన్నాయి. తిరిగేటప్పుడు ఒక కొస పైకి లాగితే ఇంకో కొస కిందికి లాగుతుంది. వంద గ్రాముల పన్ను 6,000 ఆర్‌పీఎం దగ్గర 220 కిలోల బరువుతో బయటికి గుంజుతుంది. రెండు కొసల్లో రెండు గుంజుళ్లు, ఎదురెదురు దిక్కుల్లో. యాంగిల్ ముక్కల మీద దొర్లిస్తే ఈ రోగం బయటపడదు.

పళ్లు రెండింటినీ నడిమికి తెచ్చి, ఎదురెదురుగా, ఒకే గీత మీద పెట్టాం. కొత్త గాడులు తవ్వాం, పాత గాడుల్లో ఇనుప ముక్కలు బిగించాం. చివరికి ఆటోనగర్‌లోనే లారీ ప్రొపెల్లర్ షాఫ్ట్‌లు బ్యాలెన్స్ చేసే షాపుకి తీసుకెళ్లాం. అక్కడి పెద్దాయన పొత్రాన్ని చూసి "ఇదేం బండిది?" అన్నాడు. రోబోది అన్నాం. నమ్మినట్టు లేడు గానీ ఒక డమ్మీ షాఫ్ట్ మీద ఎక్కించి ఎడమ మూత దగ్గర 20 గ్రాములు ఎక్కువుందని తేల్చాడు. 20 గ్రాములేగా అని ఒకడు నవ్వాడు. ఆ 20 గ్రాములే ఆ వేగంలో 40 కిలోల పైన గుంజుతాయి, సెకనుకు నూరుసార్లు. డ్రిల్లుతో అంత ఇనుము తీసేశాక, 6,000 దగ్గర బల్ల మీద పెట్టిన టీ గ్లాసులో అల కూడా లేవలేదు.

వేగం గురించి పిల్లలతో జరిగిన గొడవ ఇంకా పెద్దది. బ్యాటరీ 6ఎస్, అంటే వరసగా ఆరు సెల్లులు, 22.2 వోల్టులు. 350 కేవీ (వోల్టుకి 350 ఆర్‌పీఎం) బ్రష్‌లెస్ మోటారు. లోడు లేకుండా 7,700 పైన తిరుగుతుంది. పుల్లీ నిష్పత్తి సరిచేస్తే పొత్రాన్ని 8,000కి తీసుకెళ్లొచ్చు, శక్తి 2,800 జౌళ్లవుతుంది. ఎందుకు 6,000 దగ్గర ఆపుతున్నావని పట్టుబట్టారు.

కారణం కొరుకు. పన్ను ఎదుటివాడిలోకి ఎంత లోతు దిగుతుందన్నది, ఒక పన్ను వెళ్లి ఇంకో పన్ను వచ్చే లోపు ఎదుటివాడు ఎంత దగ్గరికి వస్తాడన్న దాని మీద ఉంటుంది. మనం సెకనుకు 3 మీటర్ల వేగంతో దూసుకెళ్తే, 6,000 ఆర్‌పీఎం అంటే సెకనుకు 100 చుట్లు, రెండు పళ్లు. 3 మీటర్లను 200తో భాగిస్తే 15 మి.మీ. పన్ను 10 మి.మీ.యే కాబట్టి పూర్తిగా దిగుతుంది. ఎదురెదురుగా ఆనుకుని తోసుకుంటున్నప్పుడు ఆ దగ్గరయ్యే వేగం అర మీటరే అనుకోండి, కొరుకు రెండున్నర మిల్లీమీటర్లు. 8,000 దగ్గర రెండు కూడా లేదు. అప్పుడు పన్ను పట్టదు, గీరుతుంది. నిప్పురవ్వలు బాగా వస్తాయి. జనం చప్పట్లు కొడతారు. ఎదుటి బండికి రంగు పోతుంది, అంతే.

రెండో కారణం ఇంకా ఇబ్బందిది. సైకిల్ చక్రాన్ని ఊడదీసి, ఇరుసు రెండు చేతులతో పట్టుకుని, గిర్రున తిప్పి, పక్కకి తిప్పబోతే అది చేతుల్లోంచి వంకర తిరుగుతుంది కదా. పొత్రం కూడా అంతే. బండిని పక్కకి తిప్పగానే ఒక వైపు చక్రం గాల్లోకి లేస్తుంది. మా బండి చక్రాల మధ్య దూరం 300 మి.మీ. లెక్క ప్రకారం 6,000 దగ్గర సెకనుకు చుట్టులో మూడింట రెండు వంతులకన్నా వేగంగా తిరిగితే చక్రం లేస్తుంది. 8,000 దగ్గర అయితే అర చుట్టు వేగానికే లేస్తుంది. శక్తి ఎక్కువ పెట్టుకుని ఒంటికాలి మీద గెంతుతూ తిరిగే బండికి ఎదుటివాడు పక్క నుంచి వచ్చేస్తాడు. డ్రైవర్ కుర్రాడు బండిని తిప్పి చూశాక వాడే "6,000 చాలన్నా" అన్నాడు.

మోటారు నుంచి పొత్రాన్ని తిప్పడానికి పళ్ల టైమింగ్ బెల్టు వద్దన్నాను. దెబ్బ తగిలినప్పుడు పొత్రం ఒక్కసారిగా ఆగుతుంది, మోటారు ఆగదు. మధ్యలో ఏదో ఒకటి జారాలి. వీ బెల్టు జారుతుంది. బెల్టు కూర్చునే గాడిని పొత్రం మీదే ఒక కొసన లేత్‌లో తీశాం.

మొత్తం బరువు: పొత్రం, షాఫ్ట్, మోటారు కలిపి ఐదున్నర కిలోలు. నాలుగు గేర్ మోటార్లు, చక్రాలు 3.6. బాడీ, ముందు వాలు రేకులు 4.2. బ్యాటరీ, ఈఎస్‌సీలు (మోటార్ల వేగం నడిపే సర్క్యూట్లు), రిమోట్ సిగ్నల్ అందుకునే రిసీవర్ ఒకటిన్నర. 14.8 కిలోలు. మిగిలిన 200 గ్రాములు ఫెస్టులో త్రాసు తేడా కోసం వదిలేశాం. పై మూతలో బయటి నుంచి లాగితే కరెంటు ఆగిపోయే లింకు ఒకటి, పొత్రం తిరగకుండా గుచ్చే పిన్ను ఒకటి. పిన్ను తీయడం అందరికన్నా చివరి పని, గుచ్చడం అందరికన్నా మొదటి పని. ఇది తప్పినవాడిని షెడ్డులోంచి పంపేస్తానని చెప్పాను. రిమోట్ సిగ్నల్ పోతే అన్నీ ఆగిపోయేలా ఫెయిల్‌సేఫ్ పెట్టి, ప్రతిరోజూ రిమోట్ ఆపి మరీ చూసేవాళ్లం. లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీలు ఛార్జింగులో ఉంటే, మంట అంటుకుంటుందేమోనని పక్కన ఇసుక బకెట్.

ఫెస్టు చెన్నై దగ్గర. నేను వెళ్లలేదు, లారీ పని ఉంది. వీడియో కాల్‌లో చూశాను.

మొదటి ఫైటు ఎవరితో పడిందో చెప్తే నవ్వొస్తుంది. అడ్డంగా తిరిగే కడ్డీ బండి. మా మొదటి బండికి అన్నలాంటిది. పొత్రం దాని కడ్డీని కింద నుంచి పట్టుకుంది. ఆ శబ్దానికి ఫోన్‌లో స్పీకరు పగిలిందనుకున్నాను. అవతలి బండి షాఫ్ట్ వంగి, కడ్డీ దాని టైరునే తినడం మొదలెట్టింది. నలభై సెకన్లలో అయిపోయింది.

రెండోది వాలు రేకు బండి. ఆయుధమే లేదు, నేలకి ఆనిన బరువైన రేకు ఒకటి. స్పిన్నర్లకి అసలు యముడు ఇలాంటివాడే. మావాడు ఆవేశంలో ఆనుకుని తోస్తూ పోయాడు. రవ్వలే రవ్వలు, ఏమీ జరగలేదు. "వెనక్కి రారా, పరుగెత్తుకొచ్చి కొట్టు" అని నేను ఇక్కడ అరుస్తున్నాను, వాడికి వినపడదు. నిమిషం తర్వాత వాడికే గుర్తొచ్చింది. వెనక్కి జరిగి, పక్కకి తిరిగి, రేకు మూల మీదకి దూకాడు. పన్ను పట్టింది. అవతలి బండి అడుగున్నర లేచి వెల్లకిలా పడింది. మళ్లీ తిరగబడే ఏర్పాటు దానికి లేదు.

మూడోది నిలువు డిస్కు. ఇద్దరూ ఎదురెదురుగా వచ్చారు. ఒకే దెబ్బ, రెండు బండ్లూ వెనక్కి ఎగిరాయి. అవతలిది ఊగి నిలబడింది. మనది చక్రాల మీదే పడింది. పొత్రం తిరుగుతూ తిరుగుతూ ఆగిపోయింది. ఫెయిల్‌సేఫ్. పది లెక్కపెట్టారు. ఓడిపోయాం.

తిరిగొచ్చాక మూత విప్పితే పొత్రానికి ఏమీ కాలేదు. రిసీవర్‌కి వెళ్లే మూడు తీగల కనెక్టరు ఊడి పక్కన పడుంది. మేం కొట్టిన దెబ్బే సైడ్ ప్లేట్ల గుండా వెళ్లి లోపలి పెట్టెని కుదిపింది. షాఫ్ట్ దాకా, బేరింగ్ దాకా, సైడ్ ప్లేటు దాకా తిరుగు తోపుని వెంటాడాం. పెట్టెలోకి వెళ్తుందని ఆలోచించలేదు. అందరం తలా ఒకటి అనుకున్నాం గానీ ఎవరూ ఎవర్నీ తిట్టలేదు. కుర్రాళ్లలో ఒకడు ఆ కనెక్టరు పెట్టినప్పుడు పక్కనే నేనూ ఉన్నాను.

ఆ వారం చేసినవి ఇవి. రిసీవరు, ఈఎస్‌సీలు ఒక పలుచని ప్లేటు మీదకి మార్చి, ఆ ప్లేటుని నాలుగు రబ్బరు బుష్‌ల మీద కూర్చోబెట్టాం. స్కూటర్ సైలెన్సర్ కింద వేసేవే. ప్రతి కనెక్టరుకీ హాట్ గ్లూ చుక్క. తీగలకి రెండు అంగుళాలు వదులు. పొత్రాన్ని విప్పి డయల్ గేజ్ పెడితే షాఫ్ట్ వంపు 0.08 మి.మీ. దాన్ని మార్చలేదు. ఎడమ బేరింగ్ చేత్తో తిప్పితే గరగరమంటోంది, రెండూ మార్చాం. పళ్లు మూల దగ్గర మిల్లీమీటరున్నర అరిగాయి. గ్రైండింగ్ చేసి, రెండింటినీ త్రాసులో వేసి, బరువు సమానం చేసి మళ్లీ బిగించాం.